డ్రమ్మరు గారి చెల్లెలు

బుధవారం పొద్దున్న లేస్తూనే సిరిల్ టాటర్సాల్ ఒక పథకం వేసుకున్నాడు. ఎనిమిదింటికి హోటలు వంటగది గుమ్మం గుండా వీధిలో పడాలి. పదింటికి విమానాశ్రయంలో భార్యను కలుసుకోవాలి. ఆమెను నది అవతల ఒక చిన్న బసలో దించి, పన్నెండింటికల్లా తిరిగొచ్చి ఏమీ ఎరగనట్టు రేడియో వాళ్ళ ముందు కూర్చోవాలి. కట్టుకున్న భార్యను కలుసుకోవడానికి ఇంత దొంగతనం దేనికని మీరు అడగవచ్చు. అడిగారంటే మీకు పాటల వ్యాపారం తెలియదన్నమాట.

అది 1965 ఫిబ్రవరి. జుట్టు చెవుల మీద పడేలా పెంచుకుని ఇంగ్లండు నుంచి ఎవడు దిగినా న్యూయార్కు హారతి పట్టి లోపలికి పిలుస్తున్న రోజులు. సిరిల్ డ్రమ్స్ వాయించే జట్టు పేరు బాబిన్స్. నలుగురూ లాంకషైరు జిల్లా బర్న్‌లీ ఊరి నూలు మిల్లుల నుంచి వచ్చినవాళ్ళే గనక దారం కండె పేరే జట్టుకు పెట్టుకున్నారు. వాళ్ళ పాట అమ్మకాల పట్టికలో నలభై ఒకటో మెట్టు మీద రెండు వారాలుగా కాళ్ళు చాపుకుని కూర్చుంది. పైకీ పోదు, కిందికీ దిగదు. దాన్ని లేపడానికి ఆదివారం సాయంత్రం ఎనిమిదింటి టీవీ కార్యక్రమం కుదిరింది. దేశం దేశమంతా భోజనాల బల్ల దగ్గర నుంచి లేచి వచ్చి చూసే కార్యక్రమం అది.

జట్టును నడిపే పెద్దమనిషి లెస్లీ పిల్‌బీమ్. మొన్నమొన్నటిదాకా బర్న్‌లీ బజార్లో తివాచీలు అమ్మాడు. పాట కొనేది పదిహేనేళ్ళ పిల్ల అనీ, పాడేవాడు తన కోసమే ఖాళీగా కూర్చున్నాడని నమ్మితేనే కొంటుందనీ ఆయన సిద్ధాంతం. అందుకని ఒప్పందంలో మూడో షరతుగా జట్టులో ఎవరికీ పెళ్ళాం ఉండరాదని రాయించాడు. సిరిల్ ఆ కాగితం మీద సంతకం పెట్టేనాటికి అతనికి పెళ్ళయి ఎనిమిది నెలలు. ఆ సంగతి పిల్‌బీమ్‌కు తెలియక కాదు. ఆ పెళ్ళిలో పరిచిన తివాచీ ఆయన కొట్టులోదే. ఉంటే ఉంది గానీ ఉన్నట్టు కనబడకూడదని చెప్పి, అమెరికా పత్రికలకిచ్చిన వివరాల్లో సిరిల్‌కు ఇష్టమైన రంగు నీలం, ఇష్టమైన తిండి బంగాళాదుంప, తగిన అమ్మాయి ఇంకా తారసపడలేదు అని రాయించాడు.

ఆ పత్రిక చేతులు మారి మారి బర్న్‌లీ చేరింది. మిల్లులో ఎనిమిది మగ్గాలు చూసుకునే బెరిల్ టాటర్సాల్ ఒకరోజు టీ తాగుతూ, తన మొగుడికి తగిన అమ్మాయి ఇంకా తారసపడలేదన్న సంగతి చదివింది. మర్నాడే తంతి కొట్టింది. బుధవారం పదింటికి దిగుతాను, సోమవారం ఆరింటికి తిరుగు విమానం, ఈలోపు నేను నీ పెళ్ళాన్నని నలుగురిలో నోరు తెరిచి చెప్పాలి, చెప్పకపోతే ఇల్లు ఖాళీ చేసి మా అమ్మ దగ్గరికి పోతాను అని దాని సారాంశం. తంతికి మాటకింత అని పుచ్చుకుంటారు. బర్న్‌లీ మనిషి అన్ని మాటలు ఖర్చుపెట్టిందంటే అది ఉత్తి బెదిరింపు కాదని సిరిల్‌కు తెలుసు. అతనికి భార్య అంటే ప్రాణం. లేనిదల్లా ధైర్యం ఒక్కటే.

వంటగది గుమ్మం దాకా పథకం బాగానే నడిచింది. వంటవాడి టోపీ కనుబొమల దాకా లాక్కుని సిరిల్ సందులోకి అడుగుపెట్టాడు. అక్కడ చెత్తడబ్బాల పక్కన, ఎముకలు కొరికే చలిలో, ఇద్దరు అమ్మాయిలు మూడు రోజులుగా కాపలా కాస్తున్నారు. టోపీ కింద జుట్టు చూసి ఇద్దరూ కలిసి ఒక్క కేక పెట్టారు. ముందు గుమ్మంలో ఉన్న రెండు వందల మందికీ ఆ కేక అందింది. సిరిల్ ఎక్కిన టాక్సీ వంతెన దాటేసరికి దాని వెనక ముప్ఫై టాక్సీలు వస్తున్నాయి. వాటి వెనక ఒక ఫొటోగ్రాఫర్ని వెంటేసుకుని హార్వీ గ్లిక్ వస్తున్నాడు.

హార్వీ గ్లిక్ అమెరికాలో బాబిన్స్ ప్రచారం చూసేవాడు. ముప్ఫై అయిదేళ్ళ బ్రహ్మచారి, నెమ్మదస్తుడు. తను నిజమని నమ్మినదే పత్రికల వాళ్ళకు చెబుతాడని ఊళ్ళో పేరు. అందుకే పిల్‌బీమ్ అతనికి ఇంతవరకూ ఒక్క నిజం కూడా చెప్పలేదు.

విమానాశ్రయంలో కస్టమ్స్ గదికి అద్దాల గోడ. గోడకు అవతల బెరిల్ పెట్టె పట్టుకుని నిలబడి ఉంది. ఇవతల అమ్మాయిల కేకలకు అద్దాలు అదురుతున్నాయి. నాలుగు నెలల తర్వాత భార్యను చూశాడేమో, సిరిల్ ఒళ్ళు మరిచి రెండు చేతులూ అద్దానికి ఆనించి అలాగే ఉండిపోయాడు. కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. హార్వీ వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు.

"ఎవరావిడ?" అని చెవిలో అడిగాడు.

చుట్టూ రెండు వందల మంది పిల్లలు, ఎదురుగా కెమెరా, ఒప్పందంలో మూడో షరతు. సిరిల్ నోరు తెరిచాడు. ఏ మాట ముందొస్తే ఆ మాట బయటపడింది.

"మా చెల్లెలు."

అబద్ధమాడినా గోడ కట్టినట్టుండాలంటారు. ఇతను కట్టుకున్నది అద్దాల గోడ, దాని అవతల నిలబడింది నేత మనిషి. షెడ్డులో వందల మగ్గాలు ఒక్కసారిగా ఆడుతుంటే పక్కవాళ్ళు చెవిలో అరిచినా వినబడదు. అందుకని బర్న్‌లీ నేతగత్తెలు గొంతు వాడరు. పెదవులు పెద్దగా కదుపుతూ చప్పుడు లేకుండా మాట్లాడుకుంటారు. ఈ కొసన ఉన్నావిడ ఆ కొసన ఉన్నావిడ పెదవులు చూసి, ఆమె ఇంట్లో రాత్రి ఏం గొడవైందో పూసగుచ్చినట్టు చెప్పగలదు. సిరిల్ ఆ షెడ్డులోనే మగ్గాలు బాగుచేసేవాడు. బెరిల్‌ను పెళ్ళికి ఒప్పించింది కూడా పదకొండు మగ్గాల అవతల నుంచి నోరు కదిపే. అటువంటి మనిషికి ఈ రెండు మాటలు చదవడం ఎంత పని. చదివింది. నిదానంగా తన పెదవులు కదిపింది.

"చెల్లెలినా?"

ఫొటోలు తీయడం ఈలోగా అయిపోయింది కూడా. బయటికొచ్చిన బెరిల్ మొగుణ్ణి ఎగాదిగా ఒకసారి చూసి, పెట్టె తీసి అతని చేతిలో పెట్టింది.

"పద అన్నయ్యా. బరువుంది, జాగ్రత్త" అన్నది, అందరికీ వినబడేట్టు.

సాయంత్రం పత్రికలో మొదటి పేజీ నిండా సిరిల్ చెమ్మగిల్లిన కళ్ళు. చెల్లెల్ని చూసి కంటతడి పెట్టిన డ్రమ్మరు అని పైన రాశారు. పిల్‌బీమ్ ఆ పత్రికను చుట్టగా చుట్టుకుని సిరిల్ గదికి వచ్చి పడ్డాడు. బుద్ధుందా లేదా అని మొదలుపెట్టి, చెల్లెలేమిట్రా, పక్కింటి మనిషి అనో ఎవరో అభిమాని అనో చెప్పి చావలేకపోయావా అని పావుగంట కడిగేశాడు. ఇంతలో ఫోను మోగింది. హార్వీ. పత్రికాఫీసుకు గంటలో నాలుగు వందల మంది అమ్మాయిలు ఫోను చేశారట, అందరూ ఏడుస్తున్నారట. చెల్లెలంటేనే ఇంత ప్రేమున్నవాడు రేపు పెళ్ళాన్ని ఎంత బాగా చూసుకుంటాడో అని ఏడుపట. పిల్‌బీమ్ ఫోను పెట్టేసి, చేతిలో నలిగిన పత్రికను మోకాలి మీద సాపు చేసుకున్నాడు.

"చెల్లెలు బాగుంది నాయనా. చెల్లెలినే ఉంచుదాం" అన్నాడు.

చెల్లెలు కనక బెరిల్‌కు వేరే గది ఇచ్చారు. సిరిల్‌ది పదకొండో అంతస్తు, ఆమెది పందొమ్మిది. లిఫ్టు దగ్గర అమ్మాయిలు, మెట్ల మీద అమ్మాయిలు. నాలుగు నెలల ఎడబాటు తర్వాత మొగుడూ పెళ్ళాలు ఎనిమిది అంతస్తుల దూరంలో కాపురం పెట్టారు. సిరిల్ ఫోనులో కాళ్ళావేళ్ళా పడ్డాడు. కంగారులో నోరు జారిందన్నాడు, రెండు రోజులాగితే తనే అందరితో చెప్పేస్తానన్నాడు. సోమవారం దాకా గడువుంది కదా అన్నయ్యా, తొందరేముంది అని ఆమె ఫోను పెట్టేసింది.

గురువారం నుంచి గొడవ ముదిరింది. అన్న గురించి చెల్లెలు రోజూ నాలుగు మాటలు రాస్తే వేసుకుంటామని సాయంత్రం పత్రిక వాళ్ళు అడిగారు. హార్వీ వెళ్ళి బెరిల్‌ను బతిమాలాడు. కడుపులో మంట ఉన్న మనిషికి కాగితం, కలం ఇచ్చి రాయమంటే ఏం రాస్తుందో అదే రాసింది. మా అన్నయ్య పొద్దున్నే లేవడు. విప్పిన సాక్సు విప్పిన చోటే వదిలేస్తాడు. మా వీధి పాస్టరు గారు చందాకు వస్తే బొగ్గుల గదిలో దాక్కుంటాడు. అమ్మంటే భయం, యజమాని అంటే భయం, నిజమంటే మరీ భయం. ఒక ఆడపిల్లకిచ్చిన మాట నలుగురిలో నిలబెట్టుకోవడం అతనికింకా చేతకాలేదు.

దీంతో సిరిల్ పరువు గంగలో కలుస్తుందనుకుంది పాపం. కలవలేదు. అబ్బ, ఎంత సుకుమారుడో అని అమెరికా ఆడపిల్లలు మూర్ఛపోయారు. అతని లోపం ఒక్కొక్కటీ బయటపెట్టినకొద్దీ పాట మెట్ల మీద మెట్లు ఎక్కింది. గురువారం ముప్ఫై మూడు. శుక్రవారం బొగ్గుల గది సంగతి అచ్చయ్యాక పందొమ్మిది. ఉత్తరాలు బస్తాల్లో వచ్చి పందొమ్మిదో అంతస్తు నడవాలో గోడకానుకుని కూర్చున్నాయి.

ఉత్తరాలు సిరిల్‌కు కాదు, బెరిల్‌కు. ఇన్నాళ్ళూ సిరిల్‌ను ఎలా చేరాలో తెలియక కొట్టుకుంటున్న పిల్లలకు ఆడపడుచు దొరికింది. కేకులు చేసి పంపారు, స్వెట్టర్లు అల్లి పంపారు, హోటలు నడవాలో ఆమె చేతులు పట్టుకుని వదినా, ఒక్క మాట చెప్పి పెట్టవా అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. ఏ ఆడదానికైనా ఒక్క సవతి ఉంటేనే నిద్రపట్టదు. ఈవిడకు రెండు లక్షల మంది, పైగా ప్రతి ఒక్కతీ వరస కలిపి కాళ్ళ దగ్గర కూర్చునేది. వాళ్ళ మీద కోపం తెచ్చుకోవడం బెరిల్ వల్ల కాలేదు. మీ అన్నయ్యను చేసుకుంటే ఇంట్లో బట్టలు ఎవరుతకాలి వదినా అని ఒహాయో నుంచి ఒక పిల్ల అడిగింది. ఎవరివి వాళ్ళే ఉతుక్కోవాలి, ఆ సంగతి మా అన్నయ్యకు ఇంకా తెలియదు అని బెరిల్ పత్రికలోనే జవాబిచ్చింది. దానికి దేశంలోని తల్లులంతా చప్పట్లు కొట్టారు.

శుక్రవారం మధ్యాహ్నం హార్వీ గ్లిక్ శుభ్రంగా గడ్డం గీసుకుని, నీలం టై కట్టుకుని సిరిల్ గదికి వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. టోపీ చేతుల్లో గుండ్రంగా తిప్పుతూ కాసేపు కిటికీ బయటికి చూశాడు. పిల్‌బీమ్ కూడా అక్కడే సోఫాలో కాళ్ళు చాపి లెక్కలు చూసుకుంటున్నాడు.

"సిరిల్, నేను తిన్నగా మాట్లాడే మనిషిని. మీ చెల్లెలు లాంటి మనిషిని నేనింతవరకూ చూడలేదు. నువ్వు ఒప్పుకుంటే రేపు ఆమెను భోజనానికి తీసుకెళ్తాను. మీ నాన్నగారు ఇక్కడ లేరు కదా, నిన్నే అడగాలి."

సొంత పెళ్ళాన్ని భోజనానికి తీసుకెళ్తానని ఒకడు మర్యాదగా వచ్చి అనుమతి అడుగుతున్నాడు. కాదంటే ఎందుకు కాదో చెప్పాలి. చెప్పాలంటే నిజం చెప్పాలి. సిరిల్ పిల్‌బీమ్ వైపు చూశాడు. పిల్‌బీమ్ అప్పటికే మనసులో మర్నాటి పత్రిక చదివేసుకుంటున్నాడు.

"అన్నగా వాడికి అంతకంటే సంతోషమేముంది హార్వీ. మంచి చోటికి తీసుకెళ్ళు. ఫొటోగ్రాఫరు కూడా ఉంటే ఇంకా బాగుంటుంది" అన్నాడు పిల్‌బీమ్.

హార్వీ సిరిల్ రెండు చేతులూ పట్టుకుని ఊపి, సంబరంగా వెళ్ళిపోయాడు. ఆ పూట సిరిల్ అన్నం ముట్టలేదు. శనివారం అతను గదిలో గోళ్ళు కొరుక్కుంటుంటే, బెరిల్ పళ్ళెం అంచులు దాటిపోయేంత పెద్ద మాంసపు ముక్క తిని వచ్చింది. హార్వీ ఆమె కుర్చీ లాగిపెట్టాడట, కోటు అందించాడట, ఆమె మాట్లాడుతున్నంతసేపూ మధ్యలో అడ్డు రాకుండా విన్నాడట. నాలుగు నెలల్లో తనను ఒక మనిషిగా చూసినవాడు అతనొక్కడేనని ఫోనులో చెప్పింది. ఈసారి అన్నయ్యా అని దెప్పలేదు. ఆమె గొంతులో అలసట విని సిరిల్‌కు మొదటిసారి నిజమైన భయం వేసింది.

అదే సాయంత్రం విలేకరుల సమావేశంలో చెప్పేద్దామని లేచాడు. మీ జీవితంలో ఆడపిల్ల ఎవరైనా ఉన్నారా అని ఒకామె అడిగింది కూడా. వడ్డించిన విస్తరి లాంటి ప్రశ్న. సిరిల్ గొంతు సవరించుకున్నాడు. బెరిల్ వెనక వరసలో నిలబడి అతని పెదవుల వైపే చూస్తోంది. పిల్‌బీమ్ ముందు వరసలో కూర్చుని పాట పదకొండో మెట్టుకు చేరిన కాగితం పైకెత్తి చూపించాడు. "ఉంది, మా అమ్మ" అన్నాడు సిరిల్. అందరూ పగలబడి నవ్వి రాసుకున్నారు. అందరూ తలెత్తేసరికి వెనక వరస ఖాళీగా ఉంది.

ఆదివారం సాయంత్రం టీవీ హాలు. ఏడు వందల మంది పిల్లలు. మూడో వరసలో బెరిల్, పక్కన నీలం టైతో హార్వీ. కార్యక్రమం అవగానే బెరిల్‌ను పెళ్ళి అడగబోతున్నానని అతను అంతకుముందే సిరిల్‌కు చెప్పి, జేబులోంచి ఉంగరం తీసి చూపించి, బాగుందా బావా అని అడిగాడు. బాగుందని సిరిల్ తలూపాడు. ఊపక ఏం చేస్తాడు.

తెర లేచింది. కేకలు మొదలయ్యాయి. అవి మగ్గాల షెడ్డును మరిపించే కేకలు. పాడే డెనిస్‌కు తన పాట తనకే వినబడటం లేదు. గిటారు వాళ్ళిద్దరూ చెరొక పాట వాయిస్తున్నా అడిగేవాడు లేడు. సిరిల్ కర్రలు ఆడిస్తూ మూడో వరస వైపు చూశాడు. బెరిల్ పెదవులు కదిపింది.

"సోమవారం రేపే."

"తెలుసు" అని పెదవులతోనే అన్నాడు సిరిల్.

"ఇతని జేబులో ఏముందో కూడా తెలుసా?"

"బెరిల్, అతనికి సరేనని చెప్పకు."

"అన్నగా చెప్తున్నావా?"

అంతే, అయిదు రోజులుగా గొంతుకు అడ్డం పడ్డదంతా అప్పుడు బయటపడింది. చుట్టూ ఎవరికీ వినబడదన్న భరోసా ఉంటే పిరికివాడంత ధైర్యశాలి లేడు. "నువ్వు నా పెళ్ళానివి. అన్నా లేదు, చెల్లెలూ లేదు. నా పెళ్ళానివి బెరిల్, నువ్వు లేకపోతే నేను చచ్చిపోతాను" అని సిరిల్ నోరు బారెడు తెరిచి, ఒక్కొక్క మాటే విడదీసి, పదకొండు మగ్గాల అవతలికి చెప్పినట్టు చెప్పాడు. ఆ సమయానికి కెమెరా అతని మొహం మీదికి వచ్చింది. కుర్రాడు పాటలో లీనమైపోయాడనుకుని దర్శకుడు దాన్ని అక్కడే ఉంచేశాడు.

బెరిల్ కళ్ళు తుడుచుకుంది. కానీ తల అడ్డంగా ఊపింది.

"నలుగురిలో చెప్పమన్నాను. ఇది నా ఒక్కదానికే చెప్పావు" అన్నది పెదవులతో.

ఒక్కదానికి కాదు, నాలుగు కోట్ల మందికి చెప్పాడు. వాళ్ళకు వినబడలేదంతే. కార్యక్రమం అయ్యాక హార్వీ అడగనే అడిగాడు. రేపు చెబుతానని బెరిల్ హోటలుకు వెళ్ళిపోయింది.

న్యూయార్కుకు ఈశాన్యాన, సముద్రం ఒడ్డున, ఫాల్ రివర్ అని ఒక పాత మిల్లుల ఊరుంది. యాభై ఏళ్ళ కిందట ఓడలెక్కి వచ్చిన లాంకషైరు నేతగత్తెలు అక్కడ చాలామంది ఉన్నారు. మిల్లులు మూతపడ్డాయి, వాళ్ళకు డెబ్భై ఏళ్ళు దాటాయి, కొందరికి చెవుడు కూడా వచ్చింది. కానీ పెదవులు చదివే కన్ను అలాగే ఉంది. మన ఊరి పిల్లలు టీవీలో వస్తున్నారని ఆదివారం అందరూ పెట్టెల ముందు కూర్చున్నారు. సోమవారం పొద్దున్న ఏడింటికి సాయంత్రం పత్రికకు మొదటి ఫోను వచ్చింది. ఆ పిల్ల ఆ కుర్రాడి పెళ్ళాం, మీరు చెల్లెలని అచ్చేస్తున్నారు, దిద్దుకోండి బాబూ అని ఒక ముసలావిడ నెమ్మదిగా చెప్పింది. ఎడిటరు నవ్వి పెట్టేశాడు. తొమ్మిదింటికి పదిహేడు ఫోన్లయ్యాయి. అప్పుడతను నవ్వడం మానేసి ఆ ఊళ్ళో ఉన్న తన మనిషిని పరిగెత్తించాడు. ఆయన అయిదుగురు ముసలమ్మలను అయిదు గదుల్లో కూర్చోబెట్టి, కుర్రాడు ఏమన్నాడో కాగితం మీద రాయమన్నాడు. అయిదు కాగితాల్లోనూ అవే మాటలు. ఒకావిడ మాత్రం చివర, పిల్లవాడి కాలరు మాసిందని అదనంగా రాసింది.

ఇప్పుడు పత్రిక వాళ్ళ దగ్గర రెండు నిజాలున్నాయి. ఆమె అతని చెల్లెలని జట్టే చెప్పింది. ఆమె తన పెళ్ళామని అతనే చెప్పాడు. రెంటిలో ఒకటి అబద్ధమేమోనన్న ఆలోచన ఎడిటరుకు రాలేదో, వచ్చినా అక్కర్లేకపోయిందో, రెండూ కలిపి అచ్చేశాడు. బాబిన్స్ డ్రమ్మరు సొంత చెల్లెల్నే పెళ్ళాడాడని పన్నెండింటికల్లా ఊరంతా అరుస్తున్నారు.

ఒంటిగంటకు రేడియోలో పాట ఆగిపోయింది. దక్షిణాదిన ఒక ఊళ్ళో బాబిన్స్ రికార్డులు కుప్పపోసి, మేయరు గారు అగ్గిపెట్టె పట్టుకుని టీవీ వాళ్ళ కోసం ఎదురుచూస్తున్నారని తెలిసింది. లిఫ్టు నిండా విలేకరులుండటంతో పిల్‌బీమ్ పందొమ్మిది అంతస్తులూ మెట్లెక్కి బెరిల్ గది ముందు కూలబడ్డాడు. వెనకే సిరిల్ వచ్చాడు. హార్వీ అప్పటికే గదిలో కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. చేతిలో పత్రిక ఉంది.

"అమ్మా బెరిల్, నువ్వు వాడి పెళ్ళానివని చెప్పు తల్లీ. లోకమంతా వినేలా చెప్పు" అన్నాడు పిల్‌బీమ్, ఆయాసపడుతూ.

ఎవరికీ కనబడకూడదని తొమ్మిది నెలలుగా దాచిన పెళ్ళిని ఇప్పుడు ఆయనే ఊరేగిస్తానంటున్నాడు. పెళ్ళి కాగితం తన సంచిలోనే ఉందని బెరిల్ చెప్పగానే దండం పెట్టినంత పనిచేశాడు. ఆమె సంచి మాత్రం తెరవలేదు.

"కాగితం చదువుతుంటే వినడానికి నేను సముద్రం దాటి రాలేదు. చెప్పాల్సినవాడు చెప్పాలి" అన్నది.

ఆమె మాట్లాడినంతసేపూ హార్వీ కదలకుండా నిలబడ్డాడు. తర్వాత పత్రికను మడిచి కుర్చీలో పెట్టి, ఇంతమందితో నేను అబద్ధం చెప్పానన్నమాట అని ఒక్క మాట అన్నాడు. మూడింటికి విలేకరులను పిలిచింది కూడా అతనే.

కింద హాల్లో అరవై మంది విలేకరులున్నారు. నవ్వుతూ తప్పించుకోవడానికి పిల్‌బీమ్ నాలుగు వాక్యాలు రాసిచ్చాడు. ఇంగ్లండు వాళ్ళకు ముద్దొస్తే పెళ్ళాన్ని చెల్లెలనడం అలవాటనీ, ఇదంతా సరదా అనీ అందులో ఉంది. సిరిల్ ఆ కాగితం చూశాడు. గోడ పక్కన పెట్టె సర్దుకుని, కోటు వేసుకుని నిలబడ్డ బెరిల్‌ను చూశాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఈమె బెరిల్. నా భార్య. నాకు చెల్లెళ్ళు లేరు" అన్నాడు. గొంతు కీచుగా వచ్చింది. మంచినీళ్ళు తాగి మళ్ళీ మొదలుపెట్టాడు. "పెళ్ళయిందంటే పాట కొనరని భయపడి దాచాను. ఈమె సముద్రం దాటి వస్తే చెల్లెలన్నాను. ఈమె నన్ను పిరికివాడని రాసింది కదా, అదొక్కటే మీ పత్రికలో వచ్చిన నిజం. రికార్డులు తగలబెడుతున్నారని ఇప్పుడు చెప్తున్నాననుకుంటారు. అనుకోండి. బుధవారమే చెప్పాల్సింది."

హాల్లో ఎవరూ నవ్వలేదు. ఏం చేయాలో తెలియక ఒకరిద్దరు కలాలు మూశారు. ఇక ముందు ఏం చేస్తారని ఒకామె అడిగింది. సిరిల్ బెరిల్ దగ్గరికి నడిచాడు.

"ఆరింటి విమానంలో ఇంకో సీటు ఉంటుందా?"

"నాకేం తెలుసు" అన్నది బెరిల్. కానీ పెట్టె అతని చేతికివ్వలేదు. ఒక పిడి తను పట్టుకుని, రెండో పిడి అతనికి వదిలింది.

సీటు సంగతి హార్వీ చూశాడు. ఫోను దగ్గర అరగంట నిలబడి, ఎవరెవరినో బతిమాలి ఇప్పించాడు. కారు దాకా వచ్చి, బెరిల్‌కు తలుపు తీసిపెట్టి, సిరిల్‌తో కరచాలనం చేశాడు. ఉంగరం అతని జేబులోనే ఉందని ముగ్గురికీ తెలుసు. ముగ్గురూ వాతావరణం గురించి మాట్లాడుకున్నారు.

పిల్‌బీమ్ ఆ సాయంత్రం తివాచీల కొట్టు ఇంకా అమ్మలేదు కదా అని తనను తాను ఓదార్చుకుంటూ పడుకున్నాడు. మర్నాడు లేచేసరికి లోకం తలకిందులైంది. అమ్మాయిలు ఒకరోజంతా ఏడ్చారు. వాళ్ళ తల్లులు మాత్రం పత్రిక ముందేసుకుని, పెళ్ళాం కోసం పేరూ డబ్బూ వదిలేసి విమానమెక్కిన కుర్రాడి కథ రెండేసి సార్లు చదివారు. ఇన్నాళ్ళూ ఆ జులపాల వెధవల పాట ఇంట్లో మోగకూడదన్నవాళ్ళే బజారుకెళ్ళి రికార్డు కొనుక్కొచ్చారు, తమ మొగుళ్ళకు వినిపించడానికి. అగ్గిపెట్టె పట్టుకున్న మేయరు గారిని ఆయన భార్యే ఇంటికి పిలిపించిందట. మూడో వారానికి బాబిన్స్ పాట దేశంలో మొదటి మెట్టు మీద కూర్చుంది.

బర్న్‌లీలో సిరిల్ మళ్ళీ మగ్గాలు బాగుచేసే పనిలో చేరాడు. తన పాట మొదటి స్థానానికి వచ్చిందని షెడ్డు ఆ కొస నుంచి బెరిల్ పెదవులతో చెప్పింది. మంచిదే అన్నాడు. ఆ సాయంత్రం తన సాక్సు తనే ఉతుక్కున్నాడు, సగం ఇష్టంగానే.

అతను లేకుండా బాబిన్స్ అప్పటికే పదకొండు ఊళ్ళు తిరిగారు. ఒకచోట డ్రమ్స్ వెనక స్టూలు ఖాళీగానే ఉంచి వాయించారు. ఆ కేకల్లో తేడా ఎవరికీ తెలియలేదు. తల్లుల దగ్గర నుంచి మాత్రం ఆ పెళ్ళయిన కుర్రాడు ఏడీ అని బస్తాల కొద్దీ ఉత్తరాలు వస్తున్నాయి. పిల్‌బీమ్ మూడో షరతు కొట్టేసి, లండన్ పాటల పత్రికలో ఒక ప్రకటన వేయించాడు:

"బాబిన్స్ బృందమునకు డ్రమ్మరు కావలెను. పెళ్ళి అయి ఉండవలెను, భార్యను వెంట తీసుకురావలెను. డ్రమ్స్ వాయించుట తెలిసి ఉన్నను అభ్యంతరము లేదు."